2004 అకార్డ్‌కు జపాన్ పాత ఇంజిన్: డబ్బు కట్టేముందు ఏమేమి చూడాలి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. మీరు డాలస్ దగ్గర ఉంటున్నారు. కారు 2004 హోండా అకార్డ్, నాలుగు సిలిండర్లది, ఆటోమేటిక్. ఆయిలు తగ్గిపోయిన సంగతి గమనించకుండా హైవే మీద నడిపారు. కింది నుంచి టకటకమని శబ్దం మొదలైంది, రెండు రోజుల్లో ఇంజిన్ పట్టేసింది. మొత్తం విప్పి బాగు చేయడానికి మెకానిక్ 4,200 డాలర్లు అడిగారు. జపాన్ నుంచి దిగుమతి చేసుకున్న పాత ఇంజిన్లు అమ్మే యార్డులో మీకు రెండు చూపించారు. రెండూ హోండా కే24ఏ రకం ఇంజిన్లే. ఒకటి 160 హార్స్‌పవర్‌ది, 950 డాలర్లు. రెండోది 200 హార్స్‌పవర్‌ది, 1,400 డాలర్లు. రెండూ 50 వేల మైళ్ల లోపే తిరిగాయని అమ్మేవారి హామీ. మీ బావమరిది రెండోదే తీసుకోమంటున్నారు.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. 160ది తీసుకోండి, అదీ నేను కింద రాసిన పరీక్షల్లో నెగ్గితేనే. నెగ్గకపోతే రెండూ వదిలేసి, అమెరికాలోనే ప్రమాదానికి గురైన అకార్డ్ నుంచి తీసిన ఇంజిన్ కోసం వెతకండి. 50 వేల మైళ్ల మాటను మాత్రం లెక్కలోంచి పూర్తిగా తీసేయండి. ఆ అంకె నిజమని గానీ అబద్ధమని గానీ ఎవరూ రుజువు చేయలేరు.

నేను హ్యూస్టన్‌లో 20 ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. అంతకుముందు మా నాన్నగారికి విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజిన్లు విప్పి కట్టే షెడ్డు ఉండేది. పాత ఇంజిన్ కొనడానికి వెళ్లినప్పుడు అది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని ఆయన అడగగా నేను ఒక్కసారి కూడా వినలేదు. ముందు ఆయిలు మూత తిప్పేవారు. లోపలి అంచున చూపుడు వేలు తిప్పి, ఆ వేలిని వెలుతురులో చూసి, ముక్కు దగ్గర పెట్టుకునేవారు. మాడిన వాసన వస్తే ధర అడగకుండానే వెనక్కి తిరిగేవారు. నేను ఇప్పటికీ అక్కడి నుంచే మొదలుపెడతాను.

తిరిగిన దూరం ఎందుకు తెలియదో చెబుతాను. దూరం చూపించే మీటరు కారు డ్యాష్‌బోర్డులో ఉంటుంది, ఇంజిన్‌లో ఉండదు. జపాన్‌లో కారును విప్పేచోట ఇంజిన్‌ను తీసి, వైర్లూ గొట్టాలూ కోసి, వందల ఇంజిన్లతో కలిపి కంటైనరులో పేర్చి ఓడ ఎక్కిస్తారు. ఏ ఇంజిన్ ఏ కారుదన్న కాగితం దాని వెంట రాదు. ఇక్కడి యార్డు వారు మీకు చెప్పేది సగటున ఇంత తిరిగి ఉంటుందన్న ఊహ. వాళ్లలో చాలామంది మంచివాళ్లే, మోసం చేయాలని చెప్పేది కాదు. కానీ ఊహకు మీరు 950 డాలర్లు కట్టకూడదు.

జపాన్‌లో 50 వేల మైళ్లకు ఇంజిన్ మార్చాలని చట్టం ఉందని కూడా మీకు చెప్పే ఉంటారు. అలాంటి చట్టమేదీ లేదు. అక్కడ ఉన్నది షాకెన్ అనే తనిఖీ. కొత్త కారుకు మూడేళ్ల తర్వాత, ఆపైన రెండేళ్లకొకసారి చేయించాలి, ఖర్చు బాగానే అవుతుంది. పెట్రోలు కారుకు 13 ఏళ్లు దాటితే వార్షిక పన్ను కూడా పెరుగుతుంది. అందుకని బాగా నడుస్తున్న కార్లను కూడా వదిలించుకుంటారు. కార్ల రీసైక్లింగ్ చట్టం 2005 జనవరి నుంచి పూర్తిగా అమలులో ఉంది కాబట్టి వాటిని విప్పడం ఒక పద్ధతిగా సాగుతుంది. మంచి ఇంజిన్లు దొరకడానికి కారణం ఇదే. ఆ మాట నిజం. కానీ ఆ గుట్టలో మంచివాటి పక్కనే చెడ్డవీ ఉంటాయి.

ఇంకొక సంగతి ఎవరూ చెప్పరు. కిలోమీటర్లు తక్కువైనంత మాత్రాన ఇంజిన్ తిరిగిన గంటలు తక్కువ కావు. టోక్యో లాంటి ఊళ్లో సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగుతూ సగటున గంటకు 20 కిలోమీటర్ల వేగంతో 80 వేల కిలోమీటర్లు తిరిగితే 4,000 గంటలు. టెక్సస్ హైవేల మీద సగటున గంటకు 80 కిలోమీటర్లతో లక్షా 60 వేలు తిరిగితే 2,000 గంటలే. రెండోది రెట్టింపు దూరం, సగం పని. పైగా దగ్గర దూరాలు తిరిగే కారులో ఇంజిన్ సరిగా వేడెక్కకముందే ఆగిపోతుంది. ఆయిల్లో చేరిన తేమా పెట్రోలూ ఆవిరి కాకుండా మిగిలి, లోపల జిగురు కడుతుంది. అందుకే లోపలి రంగు చూడమంటాను.

ఇక రెండింటిలో ఏది అన్న మాటకు వస్తాను. హోండా జపాన్‌లో అమ్మిన ఇంజిన్ల మీద కే24ఏ అని మాత్రమే పోతపోసి, పక్కన వరుస సంఖ్య కొడుతుంది. అమెరికా ఇంజిన్లకైతే చివర ఒక అంకె ఉంటుంది: మీ కారుది కే24ఏ4, హోండావారిదే అయిన అక్యురా టీఎస్ఎక్స్ కారుది కే24ఏ2. జపాన్‌లో మామూలు ఒడిస్సీలో, సీఆర్-వీలో ఉన్న 160దీ, అక్కడి అకార్డ్ పై మోడళ్లలో వచ్చిన 200దీ రెండూ పేరుకు కే24ఏలే. కొలతలు కూడా ఒకటే, 87 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు వెడల్పు), 99 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), 2,354 సీసీ. తేడా అంతా పైన హెడ్డులోనూ పిస్టన్లలోనూ ఉంటుంది.

మీ కే24ఏ4లో కంప్రెషన్ నిష్పత్తి, అంటే పిస్టన్ లోపలి గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందన్న లెక్క, 9.7. మామూలు 87 ఆక్టేన్ పెట్రోలు దానికి చాలు. 200దానిలో 10.5, దానికి ఖరీదైన పెట్రోలు పోయాలి. మీ దాంట్లో వాల్వులు తెరుచుకునే తీరును మార్చే వీటెక్ అనే అమరిక లోపలికి గాలి తీసుకునే వాల్వుల వైపే ఉంటుంది. తక్కువ వేగంలో రెండు వాల్వుల్లో ఒకటి దాదాపు మూసుకునే ఉండి పొదుపు చేస్తుంది. 200దానిలో రెండు వైపులా వీటెక్ ఉంటుంది. మీ కారు కంప్యూటర్‌లో ఎప్పుడు ఎంత పెట్రోలు, ఎప్పుడు నిప్పురవ్వ అన్న లెక్కలన్నీ మొదటి రకానికి రాసినవి. ఆ కంప్యూటర్‌తోనే రెండో ఇంజిన్‌ను నడిపితే కట్టిన డబ్బుకు తగ్గ బలం రాదు, లెక్క తప్పితే పిస్టన్లకు ముప్పు. కంప్యూటర్ మార్చి, కొత్తగా లెక్కలు రాయించుకుని, ఎగ్జాస్టు కూడా మార్చుకుంటే అది అందమైన ఇంజిన్. నాకూ ఇష్టమే. కానీ మీరు పిల్లలను బడికి తీసుకెళ్లే కారు గురించి అడిగారు. మీ బావమరిది గారికి నా నమస్కారాలు చెప్పి, 160దే తీసుకోండి.

అయితే యార్డు వారు 160 అన్నది నిజంగా 160దేనా? ఇంజిన్ పైనుండే ట్యాపెట్ కవర్ విప్పితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఎగ్జాస్టు వైపు రాకర్లు, అంటే వాల్వులను నొక్కే చిన్న మీటలు, చూడండి. ఒక్కో సిలిండరుకు మూడేసి రాకర్లు, వాటిని కదిపే క్యామ్ ఇరుసు మీద మూడేసి ఉబ్బులు ఆ వైపు కూడా ఉంటే అది 200ది. ఎగ్జాస్టు వైపు సాదాగా ఉంటే 160ది.

ఒకే పేరు, వేరే ఇంజిన్ అన్న చిక్కు హోండాకే పరిమితం కాదు. 2002 నుంచి 2005 దాకా అమెరికాలో అమ్మిన సుబారు డబ్ల్యూఆర్ఎక్స్‌లో ఈజే205 ఉంది. జపాన్ నుంచి అదే పేరుతో వచ్చే ఇంజిన్‌లో క్యామ్ సమయాన్ని మార్చే ఏవీసీఎస్ అనే అమరిక ఉంటుంది, ఇక్కడి దానిలో లేదు. ఇక్కడి కంప్యూటర్‌కు దాన్ని నడపడం తెలియదు. సుబారు ఉన్నవాళ్లు పేరు చూసి కొనేసి, తర్వాత వైర్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి.

యార్డుకు పగటిపూట వెళ్లండి. వెంట ఒక టార్చి, 19 మిల్లీమీటర్ల సాకెట్, స్పార్క్ ప్లగ్గు స్పానర్, ఫోనుకు తగిలించే చిన్న గొట్టం కెమెరా తీసుకెళ్లండి. ఆ కెమెరా ఇప్పుడు చవకగా దొరుకుతుంది, ఈ మొత్తం పనిలో మీరు పెట్టే అతి మంచి ఖర్చు అదే.

మొదట ఆయిలు మూత. లోపల పలచని తేనె రంగు ఉంటే సమయానికి ఆయిలు మార్చిన ఇంజిన్. ముదురు గోధుమ రంగు పొర ఉంటే సరిపెట్టుకోవచ్చు. నల్లగా ముద్ద కట్టి వేలికి తారులా అంటుకుంటే అక్కడితో ఆపేయండి. మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయి. మూత అడుగున కొద్దిపాటి తెలుపు బయట నిల్వ ఉంచిన తేమ వల్ల కూడా రావచ్చు కాబట్టి ఆయిలు కొలిచే పుల్ల కూడా తీసి చూడండి. పుల్ల మీద కూడా తెలుపే ఉంటే అనుమానం అక్కర్లేదు, వదిలేయండి.

తర్వాత థర్మోస్టాట్ ఉండే చోట, కోసిన నీటి గొట్టం లోపలికి టార్చి వేయండి. కూలెంటు వాడిన ఇంజిన్‌లో అల్యూమినియం శుభ్రంగా, రంగు మరకలతో ఉంటుంది. ఉత్త నీళ్లు పోసి నడిపిన దానిలో తుప్పు రంగు బురద కనిపిస్తుంది. అది ఎప్పుడో వేడెక్కిన ఇంజిన్ అయి ఉండవచ్చు. హెడ్డుకూ బ్లాకుకూ మధ్య అతుకు వెంబడి తడి జాడలున్నాయేమో చుట్టూ చూడండి. ఆల్టర్నేటర్ జల్లెడలో, గేర్‌బాక్సు బిగించే గుండ్రటి భాగంలో సన్నని ఒండ్రు మట్టి కనిపిస్తే అది వరద నీటిలో మునిగింది. పైన ఎంత కడిగినా ఆ మూలల్లో మట్టి పోదు.

ఇక్కడే నా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక కస్టమర్ సీఆర్-వీ కోసం ఒక యార్డులో ఇంజిన్ కొన్నాను. కడిగి, రంగు వేసి, తళతళలాడుతూ ఉంది. ఆయిలు మూత తీస్తే లోపల శుభ్రంగానే ఉంది. ఆ రోజు వర్షం, ఆలస్యం అవుతోందని అక్కడితో ఆపి డబ్బు కట్టాను. బండిలో కూర్చోబెట్టి స్టార్టు చేసిన నాలుగో నిమిషంలో కింద రాడ్డు శబ్దం మొదలైంది. మళ్లీ దించి అడుగున ఆయిలు ఛాంబర్ విప్పితే, ఆయిలు పీల్చుకునే జల్లెడ నిండా బూడిద రంగు సీలెంటు ముక్కలు, వాటిలో ఇరుక్కుని రాగి రంగు మెరుపు, అంటే అరిగిన బేరింగుల పొడి. ఎవరో ఛాంబర్ తీసి, కడిగి, చేతికొచ్చినంత సీలెంటు పూసి మూసేశారు. లోపలికి పొంగిన సీలెంటే ఊడి జల్లెడకు అడ్డం పడింది. తర్వాత జ్ఞాపకం చేసుకుంటే అన్నీ ఆ రోజు నా కళ్లముందే ఉన్నాయి: ఛాంబర్ అంచున కొత్త సీలెంటు గీత, బోల్టుల తలల మీద తాజా స్పానర్ గుర్తులు. ఇంజిన్ మారుస్తామన్నారు గానీ రెండోసారి దించి ఎక్కించిన మూడు రోజుల కూలి ఎవరూ ఇవ్వలేదు. కస్టమర్ మీద వేయడానికి మనసు రాక నేనే భరించాను.

అందుకని మీరు కొత్తగా విప్పిన గుర్తుల కోసం ప్రత్యేకంగా వెతకండి. 15, 20 ఏళ్ల ఇంజిన్‌కు దుమ్మూ నూనె మరకలూ ఉండటమే సహజం. ఒక్క ట్యాపెట్ కవర్ అంచో ఛాంబర్ అంచో మాత్రం మెరుస్తుంటే ఎందుకు విప్పారో అడగండి. సూటిగా జవాబు వస్తే సరే.

ఇప్పుడు నాలుగు స్పార్క్ ప్లగ్గులు తీసి వరుసగా పెట్టండి. నాలుగూ ఒకే రంగులో, లేత గోధుమ రంగులో ఉండాలి. ఒకటి నూనెతో తడిసి నల్లగా ఉంటే ఆ సిలిండరులో పిస్టన్ చుట్టూ ఉండే రింగులో వాల్వు సీళ్లో పోయాయి. ఒకటి కడిగినట్టు మరీ శుభ్రంగా ఉంటే ఆ సిలిండరులోకి నీళ్లు వెళ్లి ఉండవచ్చు. ప్లగ్గుల రంధ్రాల్లోంచి కెమెరా దించండి. గోడల మీద ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటే సన్నని గీతలు కనిపించాలి. అవి ఫ్యాక్టరీలో గీసినవి, నూనెను పట్టి ఉంచేవి. పైనుంచి కిందికి నిలువుగా గీతలు పడి ఉంటే వద్దు. నెలల తరబడి ఆరుబయట ఉన్న ఇంజిన్లలో వాల్వు తెరుచుకుని ఉన్న సిలిండరులోకి తేమ దిగి, పిస్టన్ ఆగిన చోట గోడకు తుప్పు ఉంగరంలా పడుతుంది. పలచగా ఉంటే పోతుంది. గుంటలు పడితే మొదటి రోజే రింగులను కోసేస్తుంది.

ఇంజిన్ ప్రధాన ఇరుసైన క్రాంకు చివరి పుల్లీ బోల్టుకు 19 సాకెట్ పెట్టి చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. కే తరగతి ఇంజిన్లు గడియారం ముళ్ల దిశలో తిరుగుతాయి. పాత హోండాలు అటు తిరిగేవి కావు, ఆ అలవాటుతో తిప్పే మెకానిక్ ఉంటే ఆపండి. ఎక్కడా పట్టేయకుండా, గరగరలాడకుండా ఒకే బరువుతో తిరగాలి.

అసలు పరీక్ష లీక్‌డౌన్. యార్డు వారు కంప్రెషన్ అంకెలు రాసి ఇస్తారు గానీ అవి ఏ ఇంజిన్‌వో మనం చూడలేదు కదా. గేర్‌బాక్సు లేకుండా నేల మీద పెట్టిన ఇంజిన్‌కు స్టార్టర్ బిగించి కంప్రెషన్ చూడటం అన్ని చోట్లా కుదరదు. లీక్‌డౌన్‌కు స్టార్టర్ అక్కర్లేదు, గాలి కంప్రెసర్ ఉంటే చాలు. ఒక్కో పిస్టన్‌ను వాల్వులు మూసుకున్న స్థితిలో పైకంటా తెచ్చి, ప్లగ్గు రంధ్రంలోంచి గాలి పంపి, ఎంత శాతం కారిపోతోందో గేజీలో చూస్తారు. 10 శాతం లోపు ఉంటే బాగుంది. 20 దాటితే వద్దు. అంతకన్నా ముఖ్యం చెవి పెట్టి వినడం. ఆయిలు మూత దగ్గర బుసబుసమంటే రింగులు. గాలి లోపలికి వెళ్లే దారిలో వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు. ఎగ్జాస్టులో వినిపిస్తే ఎగ్జాస్టు వాల్వు. పక్కపక్క సిలిండర్ల మధ్య గాలి పోతున్నా, నీటి దారిలో నీళ్లు పోసి చూస్తే బుడగలు వస్తున్నా హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ పోయినట్టు.

స్టార్టర్ బిగించే వీలున్న చోట కంప్రెషన్ కూడా చూడండి, నాలుగు ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి. హోండా చెప్పిన కనీసం చదరపు అంగుళానికి 135 పౌండ్లు, సిలిండర్ల మధ్య తేడా 28 మించకూడదు. నేను మాత్రం 135 ఉన్న ఇంజిన్‌ను కొనను. బాగున్న కే24లో 180కి అటూ ఇటూగా చూస్తుంటాను. చాలాకాలం కదలకుండా ఉన్న ఇంజిన్ మొదట తక్కువ చూపించవచ్చు, రింగులు ఎండిపోయి ఉంటాయి. తక్కువగా ఉన్న సిలిండరులో ఒక చెంచా ఆయిలు పోసి మళ్లీ చూడండి. అంకె బాగా పెరిగితే లోపం రింగుల వైపు, పెరగకపోతే వాల్వుల వైపు.

ట్యాపెట్ కవర్ విప్పనిస్తే వదులుకోకండి. క్యామ్ ఉబ్బుల మీద గోరు పెట్టి అటూ ఇటూ లాగండి. అద్దంలా నున్నగా జారాలి. గోరు తట్టుకునేంత గుంటలూ గీతలూ ఉంటే, ముఖ్యంగా ఎగ్జాస్టు వైపు, క్యామ్‌తో పాటు రాకర్లూ మార్చాల్సిందే. ఆ ఖర్చు ఇంజిన్ ధరలో సగం మింగుతుంది. ఈ ఇంజిన్‌కు బెల్టు కాదు, టైమింగ్ చైను. మంచి ఆయిలుతో నడిస్తే చాలాకాలం వస్తుంది, ఆయిలు నిర్లక్ష్యం చేస్తే సాగుతుంది. మధ్యలో చేత్తో పైకి లాగి చూస్తే వదులుగా ఎగరకూడదు.

యార్డు వారు ఇవన్నీ చేయనివ్వకపోతే? ప్లగ్గులు తీయడానికీ కెమెరా దించడానికీ కూడా ఒప్పుకోని చోట నేను కొనను. కవర్ విప్పవద్దంటే అర్థం చేసుకుంటాను, వాళ్లకూ వాళ్ల భయాలుంటాయి.

హామీ పత్రం డబ్బు కట్టకముందు చదవండి. మామూలుగా 30 నుంచి 90 రోజులు ఇస్తారు. బ్లాకూ హెడ్డూ మాత్రమే వస్తాయి. సీళ్లు, సెన్సార్లు, దించి ఎక్కించే కూలి ఏవీ రావు. కొత్త సీళ్లు, వాటర్ పంపు, థర్మోస్టాట్ వేసినట్టు బిల్లులు అడుగుతారు, వాటిని జాగ్రత్తగా దాచండి. బ్లాకు మీద బొత్తాం అంత చిన్న బిళ్ల ఒకటి అంటించి ఉంటుంది. ఇంజిన్ సుమారు 125 డిగ్రీల సెల్సియస్ దాటితే దాని మధ్య భాగం కరుగుతుంది, కరిగితే హామీ పోయినట్టే. కొన్న రోజే ఆ బిళ్లనూ, ఇంజిన్ సంఖ్యనూ ఒకే ఫొటోలో పడేలా తీసి ఉంచుకోండి. హామీ రోజులు కొన్న నాటి నుంచి లెక్కేస్తారు కాబట్టి, మెకానిక్ దగ్గర తేదీ ఖాయం కాకుండా ఇంజిన్ కొని గ్యారేజీలో పెట్టుకోకండి.

అమెరికా ఇంజిన్ సంగతి. ప్రమాదంలో వెనుక నుంచి గుద్దబడిన 2003 నుంచి 2005 లోపు అకార్డ్ నుంచి తీసిన ఇంజిన్ దొరికితే, అది లక్షా 10 వేల మైళ్లు తిరిగినదైనా నేను దాని వైపే మొగ్గుతాను. ఆ కారు గుర్తింపు సంఖ్య ఉంటుంది, దానితో చరిత్ర తీయవచ్చు. ఎంత తిరిగిందో కాగితం మీద ఉంటుంది. పైగా అది మీ ఇంజినే, ఏ తేడా లేదు. ముందు భాగం గుద్దుకున్న కారుదైతే పుల్లీలూ ఛాంబరూ బిగింపు చెవులూ పగిలాయేమో చూసుకోవాలి.

కొన్నాక మీ మెకానిక్‌తో మాట్లాడాల్సినవి. జపాన్ ఇంజిన్ మీద వచ్చిన ఇన్‌టేక్ మానిఫోల్డు, థ్రాటిల్, ఇంజెక్టర్లు, వైర్లు అన్నీ పక్కన పెట్టి మీ పాత ఇంజిన్‌వి వేయమనండి. మీ 2004 కారులో థ్రాటిల్ కేబుల్‌తో నడుస్తుంది, 2006 నుంచి అది ఎలక్ట్రానిక్ అయింది, కాబట్టి కలిపితే కుదరదు. క్రాంకు, క్యామ్ సెన్సార్లు కూడా మీవే. ఈజీఆర్ దారి (కాలిన పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) కొత్త హెడ్డులో మీ దానిలాగే ఉందో లేదో కొనకముందే పోల్చి చూడాలి. లేకపోతే ఇంజిన్ లైటు వెలుగుతూనే ఉంటుంది. మీ కౌంటీలో 2 నుంచి 24 ఏళ్ల వయసున్న పెట్రోలు కార్లకు ఏటా పొగ పరీక్ష ఉంది. ఆ పరీక్షలో కారు కంప్యూటర్‌నే అడుగుతారు. లైటు వెలుగుతున్నా, లోపలి స్వీయ పరీక్షల్లో ఒకటికి మించి పూర్తి కాకపోయినా కారు నెగ్గదు. కాలిఫోర్నియాలో ఉండి ఇది చదువుతున్న వారికి నియమాలు ఇంకా గట్టివి. అక్కడ రాష్ట్రం నియమించిన రెఫరీ ఇంజిన్‌ను స్వయంగా చూస్తారు, కొనకముందే వారితో మాట్లాడండి. హైదరాబాద్, విజయవాడల్లో ఇలాంటి ఆలోచన ఉన్నవారు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చూడండి. ఆర్‌సీలో ఇంజిన్ సంఖ్య ఉంటుంది కాబట్టి, రవాణా కార్యాలయం అనుమతి లేకుండా ఇంజిన్ మారిస్తే ఆ బండిని అమ్మడమూ కష్టమే, బీమా సొమ్ము రావడమూ కష్టమే.

ఇంజిన్ బయట ఉన్నప్పుడే వెనుక, ముందు క్రాంకు సీళ్లు, ట్యాపెట్ కవర్ గాస్కెట్, ప్లగ్గు గొట్టాల సీళ్లు, వాటర్ పంపు, థర్మోస్టాట్, బెల్టు, పీసీవీ వాల్వు, వీటెక్ సొలినాయిడ్ గాస్కెట్ మార్చమనండి. వెనుక సీలు 20 డాలర్ల వస్తువు, తర్వాత అది కారితే గేర్‌బాక్సు దించాలి. రింగులు కూడా మార్చేద్దామని ఎవరైనా అంటే వద్దనండి. పరీక్షల్లో నెగ్గిన ఇంజిన్‌ను విప్పకూడదు, నెగ్గని ఇంజిన్‌ను కొనకూడదు. ఛాంబర్ మాత్రం తప్పకుండా తీయించండి. జల్లెడ చూడాలి, నల్లటి ప్లాస్టిక్ ముక్కలు కనిపిస్తే అవి చైను దారిపట్టెలవి. లోహపు మెరుపు కనిపిస్తే అక్కడే ఆపి యార్డుకు ఫోను చేయండి, అది ఇంకా కారులోకి ఎక్కలేదు కాబట్టి గొడవ చిన్నదిగా తేలిపోతుంది.

మీది ఆటోమేటిక్ కాబట్టి ఒక ప్రమాదం ప్రత్యేకంగా చెప్పాలి. ఇంజిన్ బలాన్ని గేర్‌బాక్సుకు అందించే టార్క్ కన్వర్టరు గేర్‌బాక్సులో పూర్తిగా లోపలికి కూర్చున్నాకే ఇంజిన్‌ను కలపాలి. కూర్చోకుండానే బోల్టులు బిగించి దగ్గరికి లాగితే గేర్‌బాక్సు పంపు పగులుతుంది. ఇంజిన్, గేర్‌బాక్సు అంచులు చేత్తో నెట్టగానే ఒకదానికొకటి ఆనాలి. బోల్టుతో లాగాల్సి వస్తోందంటే ఏదో తప్పింది. 20 ఏళ్ల రేడియేటర్‌ను కూడా ఇప్పుడే మార్చేయండి. ఆటోమేటిక్ కార్లలో గేర్‌బాక్సు ఆయిలు కూడా దానిలోనే చల్లబడుతుంది, పాతదైతే రెండు రకాలుగా ముంచుతుంది.

మొదటిసారి స్టార్టు చేసేటప్పుడు ప్లగ్గులు తీసి, పెట్రోలు ఆపి, ఆయిలు ఒత్తిడి కనిపించేదాకా స్టార్టర్‌తో విడతలు విడతలుగా తిప్పమనండి. 5డబ్ల్యూ-20 ఆయిలు, ఫిల్టరుతో కలిపి సుమారు 4.2 లీటర్లు పడుతుంది. 500 మైళ్లకు ఆ ఆయిలు తీసేయించి, పాత ఫిల్టరును పారేయకుండా కోసి, లోపలి కాగితాన్ని ఎండలో విప్పి చూడండి. ఇసుక రేణువులంత నల్ల కార్బన్ ఉంటే ఫర్వాలేదు. కాగితాన్ని అటూ ఇటూ వంచినప్పుడు రాగి రంగులో గానీ వెండి రంగులో గానీ పొలుసులు తళుక్కుమంటే కారు ఆపేసి, బిల్లులూ ఫొటోలూ తీసుకుని ఆ రోజే యార్డుకు వెళ్లండి. మీది 90 రోజుల హామీ అయితే అప్పటికి ఇంకా సగం రోజులు మిగిలి ఉంటాయి.